ఎవరూ ముట్టుకోని ఆట

హెడ్ మేడమ్ పెట్టిన షరతు ఒక్కటే. ఏ ఆటైనా ఆడించుకో, కానీ ఒక పిల్ల ఒళ్ళు ఇంకో పిల్లకి తగలకూడదు.

ఆమె అలా అనడానికి కారణం ఉంది. కిందటేడు ఫుట్‌బాల్ ఆడుతూ ఏడో తరగతి పిల్ల ఒకతె ఇంకొకతె కాళ్ళకి అడ్డంపడి భుజం ఎముక విరగ్గొట్టుకుంది. ఆ పిల్ల మేనమామలు బడి గేటు దగ్గర చేసిన గొడవకి వీధి వీధంతా బయటికొచ్చి నిలబడింది. డ్రిల్ టీచర్ ఉద్యోగం వెంట్రుకవాసిలో నిలిచింది. ఏడాదికోసారి కాగితం మార్చి ఇచ్చే కాంట్రాక్టు ఉద్యోగం అది. ఇంకో పిల్లకి దెబ్బ తగిలితే ఈసారి కాగితం ఆశించవద్దని హెడ్ మేడమ్ మొహమ్మీదే చెప్పేసింది.

అందుకని డ్రిల్ టీచర్ సెలవుల్లో శిక్షణకి వెళ్ళినప్పుడు చూసి వచ్చిన కొత్త ఆటను ఆరో తరగతి ఆడపిల్లలకు నేర్పడం మొదలుపెట్టింది. దీన్నీ ఒక రకం ఫుట్‌బాలే అంటారు గానీ, ఇందులో బంతి గుండ్రంగా ఉండదు, కోలగా ఉంటుంది. దాన్ని చేత్తో పట్టుకునే పరిగెత్తాలి, చేత్తోనే విసరాలి. ప్రతి పిల్ల నడుముకీ ఒక గుడ్డ పటకా, ఆ పటకాలో రెండు పక్కలా దోపిన రెండు పీలికలు. బంతి ఉన్న పిల్లని ఆపాలంటే తోయక్కర్లేదు, పట్టుకోనక్కర్లేదు, పీలిక లాగేస్తే చాలు. ఊడిందా, ఆ పిల్ల ఉన్నచోటే ఆగిపోయి బంతిని పక్కవాళ్ళకి ఇచ్చెయ్యాలి. చొక్కా లాగినా, చెయ్యి పట్టుకున్నా, భుజంతో తగిలినా తప్పే.

పిల్లలు ఆ పీలికలకి తోకలనీ, ఆటకి తోకలాట అనీ మొదటిరోజే పేర్లు పెట్టేసుకున్నారు. కాలితో తన్నకూడని ఆటని ఫుట్‌బాల్ అని ఎందుకంటారని ఒకతె అడిగింది. శిక్షణలో తానూ అదే అడిగాననీ, అక్కడా ఎవరూ చెప్పలేకపోయారనీ టీచర్ నిజం ఒప్పుకుంది.

తోకలు కుట్టడానికి గుడ్డ కావాలంటే ఇంట్లో అత్తగారు పాత కర్టెన్లు ఇచ్చింది. ఊరికే ఇవ్వలేదు. బడి పేరు చెప్పి కోడలు వాటిని పుట్టింటికి చేరవేస్తుందేమోనని బాగా ఆలోచించి, చివరికి తనే మిషన్ ముందు కూర్చుని కత్తిరించి కుట్టింది. అనుమానం తీరాలంటే పని తన చేతుల మీదుగా జరగాలి ఆవిడకి. టీచర్ నవ్వుకుని ఊరుకుంది, అప్పటికి.

ఆట నేర్పడం అనుకున్నంత తేలిక కాలేదు. మొదట్లో పిల్లలు తోక బదులు చొక్కాలు పట్టుకుని వేలాడేవారు. తోక ఊడకుండా చేత్తో కప్పుకుని పరిగెత్తేవారు. టీచర్ వాళ్ళను జంటలుగా ఎదురెదురు నిలబెట్టి, ముందు నడుస్తూ, తర్వాత పరుగు మీద, తోకను మాత్రమే తీసే విద్య నేర్పింది. "మొహం చూడకండి. మొహం ఇటు చూపించి మనిషి అటు వెళ్ళిపోతుంది. నడుము చూడండి. నడుము ఎటు తిరిగితే మనిషి అటే" అని రోజూ చెప్పేది. నెల తిరిగేసరికి ఒకరి ఒంటికి ఒకరు తగలకుండా గ్రౌండంతా కలియదిరగడం పిల్లలకి అలవాటైంది. మేడ మీది కిటికీలోంచి హెడ్ మేడమ్ చూసి, ఏమీ అనకుండా కిటికీ వేసేసుకుంది. ఆవిడ విషయంలో అది మెచ్చుకోలు కిందే లెక్క.

పిచ్చుక ఆ తర్వాత వచ్చి చేరింది. వేరే ఊరినుంచి బదిలీ కాగితం తెచ్చుకున్న పిల్ల, పిడికెడంత మనిషి. మొదటిరోజు బంతి చేతికిస్తే తరగతి మొత్తం మధ్యలోంచి తుర్రుమని దూరి అవతలి గీత దాటేసింది. తోక కోసం చాచిన చేతులన్నీ గాలినే పట్టుకున్నాయి. సాయంత్రానికల్లా పేరు పడిపోయింది. ఆమె తోక ఎలాగైనా లాగాలన్న పట్టుదల ఒక్క ట్రాక్టర్‌కే ఉండేది. ట్రాక్టర్ అంటే తరగతిలో అందరికన్నా పొడవూ లావూ అయిన పిల్ల, మాట తక్కువ. వారం పదిరోజులు వెంటపడి వెంటపడి ఒకసారి పిచ్చుక తోక ఊడబీకింది. ఆరోజు ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారు.

ఆ మరుసటిరోజే టీచర్‌కి మొదటి మచ్చ కనిపించింది.

పటకా బిగించడానికి వంగితే పిచ్చుక చొక్కా చెయ్యి పైకి జరిగింది. మోచేతికి కింద అరచేతిలో సగమంత చోట చర్మం నల్లగా కమిలి ఉంది. ఎక్కడ తగిలిందని అడిగితే తెలీదంది. పడ్డావా అంటే లేదంది. ఎవరైనా కొట్టారా అంటే తల అడ్డంగా ఊపి చొక్కా చెయ్యి కిందికి లాక్కుంది. ఆ లాక్కోవడం టీచర్ మనసులో నలుసులా పడింది. దెబ్బ తగిలిన పిల్ల చూపించుకుంటుంది. ఈ పిల్ల దాచుకుంటోంది.

తర్వాతి వారం పిక్క మీద ఇంకోటి. దాని చుట్టూ సూదితో పొడిచినట్టు సన్నని ఎర్రచుక్కలు. దోమలు కుట్టి ఉంటాయనుకుని టీచర్ చుక్కల్ని వదిలేసి మచ్చనే చూసింది. ఆ తర్వాత భుజం వెనకాల. భుజం వెనకాల తనంతట తాను ఎవరు కొట్టుకుంటారు?

ఆమె ముందు గ్రౌండునే అనుమానించింది. తన కళ్ళు కప్పి ఎవరో తోస్తున్నారు. ఎవరో ఏమిటి, ఈ పిల్ల వెంట పడేది ట్రాక్టరే. రెండు రోజులు విజిల్ నోట్లో పెట్టుకుని ట్రాక్టర్‌ని తప్ప ఎవరినీ చూడలేదు. తప్పు ఒక్కటీ దొరకలేదు. దొరకకపోయేసరికి అనుమానం పోవాల్సింది పోయి ఇంకా గట్టిపడింది. తను చూస్తున్నప్పుడు జాగ్రత్త పడుతోంది కాబోలు అనుకుంది. మూడోరోజు పిచ్చుక మోకాలి పైన కొత్త మచ్చ కనబడగానే, ట్రాక్టర్‌ని ఆటలోంచి తీసేసి మెట్ల మీద కూర్చోమంది.

"నేను తోకే లాగాను టీచర్. పిల్లని ముట్టుకోలేదు" అంది ట్రాక్టర్.

టీచర్ వినిపించుకోలేదు. అంత పెద్ద ఒళ్ళున్న పిల్ల ముట్టుకోకుండా ఎలా ఆడుతుందిలే అని తరగతిలో మిగతావాళ్ళూ అనుకున్నారు. పిచ్చుక మాత్రం ఏదో చెప్పబోయి నోరు మూసుకుంది. అది భయమనుకుంది టీచర్.

ట్రాక్టర్ మెట్ల మీద కూర్చుని ఉండగానే, ఆటలో ఆమె ఊసే లేని వారంలో, పిచ్చుక ఒంటిమీద మచ్చలు పెరిగాయి. ఒకరోజు ప్రార్థన వరసలో నిలబడి ఉండగా ముక్కులోంచి రక్తం కారింది. ముక్కు మీద కొట్టేది ఎవరు?

స్టాఫ్ రూమ్‌లో లెక్కల టీచర్ ఆ ప్రశ్నకి జవాబు సిద్ధంగా పెట్టుకుని ఉంది. పిచ్చుక తల్లి పోయిందట. తండ్రి లారీ డ్రైవరు, రోడ్డెక్కితే వారాల తరబడి రాడు. ఇంట్లో ఉన్నది సవతి తల్లి, సిటీ బస్సులో కండక్టరు. "ఇంకా నన్ను నోరు తెరిచి చెప్పమంటావా?" అంది, అప్పటికే అంతా చెప్పేసి. పిల్లల సహాయ కేంద్రానికి ఒక్క ఫోన్ కొట్టమని సలహా కూడా ఇచ్చింది.

డ్రిల్ టీచర్ ఆ మధ్యాహ్నం ఫోన్ చేతిలోకి తీసుకుంది. నంబరు నొక్కబోతుండగా వాళ్ళు ముందు అడిగేది బడి గురించేనని తట్టింది. ఏ ఆట ఆడిస్తున్నారు, ఎవరు ఆడిస్తున్నారు అంటారు. ఫోన్ సంచిలో పడేసింది. తను ఆగింది పిల్ల కోసం కాదని ఆమెకి తెలుసు. ఆ తెలిసిన సంగతిని ఎక్కువసేపు చూడటం ఇష్టంలేక, తన కళ్ళతో చూసి రూఢి చేసుకున్నాకే ఏదైనా చేద్దామని తనకి తాను నచ్చజెప్పుకుంది.

బడి వదిలాక పిచ్చుక ఇంటికి వెళ్ళదు. పిన్ని డ్యూటీ చేసే బస్సెక్కి, డ్యూటీ దిగేదాకా అందులోనే తిరుగుతుంది. టీచర్ ఒక సాయంత్రం అదే బస్సెక్కి, వెనక తలుపు దగ్గర జనంలో ఇరుక్కుని నిలబడింది.

కండక్టర్ ముప్పై దాటిన మనిషి. ఖాకీ చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. టిక్కెట్టు అడగనివాడు కళ్ళు తిప్పుకున్న తీరులోనే దొంగని పట్టేస్తోంది. ఇద్దరిని అలా పట్టుకుంది కూడా. ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్న కుర్రవాణ్ణి జబ్బ పట్టుకుని ఒక్క గుంజుకి లోపలికి లాగింది. ఆ నాలుగు వేళ్ళ బలం చూసి టీచర్‌కి పిచ్చుక భుజం వెనక మచ్చ కళ్ళముందు మెదిలింది.

పిచ్చుక డ్రైవరు వెనక సీటులో కూర్చుని ఉంది. కాసేపటికి లేచి తలుపు దగ్గరికి వచ్చింది. కండక్టర్ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని సీటు దాకా లాక్కెళ్ళి కూలేసింది. "ఎన్నిసార్లు చెప్పాలి నీకు, తలుపు దగ్గర నిలబడొద్దని? చెవుల్లో సీసం పోసుకున్నావా?" అంది. పిల్ల ఏడవలేదు. పిన్ని పట్టుకున్న చోట చెయ్యి వైపు చూసుకుంది. తర్వాత జనంలో టీచర్ కనబడేసరికి, చటుక్కున మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది.

టీచర్‌కి ఇంక చూడాల్సింది ఏమీ లేదనిపించింది. తర్వాతి స్టాపులో దిగి, నడిచి ఇంటికి వెళ్ళింది.

రేపే హెడ్ మేడమ్‌తో మాట్లాడాలనుకుంది. కానీ రేపటికి కండక్టరే వచ్చి హెడ్ మేడమ్ గదిలో కూర్చుని ఉంది. ఖాకీ చొక్కాతోనే, తోలుసంచి ఒళ్ళో పెట్టుకుని. డ్రిల్ టీచర్‌ని పిలిపించారు.

కండక్టర్ గొంతు పెంచలేదు. నిన్న పిల్లకి స్నానం చేయిస్తానని బలవంతాన చొక్కా విప్పించాననీ, ఒళ్ళంతా కమిలి ఉందనీ, ఈ మధ్య తనంతట తానే చేసుకుంటానని పిల్ల మొండికేస్తుంటే పెద్దదవుతోంది కదా అనుకున్నాననీ చెప్పింది. అడిగితే తెలీదంటోంది. బడిలో ఏదో కొత్త ఆట ఆడిస్తున్నారని మాత్రం చెప్పింది.

"మీ ఆటలో పిల్ల ఒళ్ళు హూనమైపోతోంది టీచరుగారూ. మీరేం చూస్తున్నారు?"

డ్రిల్ టీచర్ ఆ ఆటలో ఎవరూ ఎవరినీ ముట్టుకోరని వివరించింది. తోకల సంగతి చెప్పింది. కండక్టర్ నమ్మలేదు. బస్సులో టిక్కెట్టు తీసుకున్నానని ప్రమాణాలు చేసేవాళ్ళని చూసినట్టు చూసింది. హెడ్ మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆ కళ్ళజోడు బల్ల మీదికి వచ్చిందంటే ఎవరికో మూడిందని బడి మొత్తానికి తెలుసు. డ్రిల్ టీచర్‌కి తన కాంట్రాక్టు కాగితం కళ్ళముందు కదిలింది. అప్పుడు అనేసింది.

"గ్రౌండులో ఏం జరుగుతోందో పాతికమంది పిల్లలు చూస్తున్నారు. ఇంట్లో ఏం జరుగుతోందో మాకేం తెలుసు?"

కండక్టర్ మొహంలో రంగు మారింది గానీ ఆశ్చర్యం కనబడలేదు.

"అనండి. వీధిలో అంటారు, మా ఆడపడుచు అంటుంది. మీరెందుకు అనకూడదు?" అంది. తర్వాత హెడ్ మేడమ్ వైపు తిరిగింది. "నేను పొద్దుటి డ్యూటీ మార్పించుకుని వచ్చి ఆ ఆట చూస్తాను. ఆటకి ముందు పిల్ల ఒళ్ళు టీచరుగారూ నేనూ ఇద్దరం చూస్తాం. ఆట అయ్యాక మళ్ళీ చూస్తాం. దొంగ ఎవరో అక్కడే తేలిపోతుంది."

హెడ్ మేడమ్ సరేనంది. తేలకపోతే సోమవారం నుంచి ఆటా ఉండదు, ఆడించేవాళ్ళూ ఉండరని కూడా అంది.

మర్నాడు ఆటల పీరియడ్‌కి ముందు, బంతులూ తాళ్ళూ పెట్టే చిన్నగదిలో ఇద్దరాడవాళ్ళూ పిచ్చుకని నిలబెట్టి చూశారు. పాత మచ్చలు ఎక్కడెక్కడ ఉన్నాయో, ఏవి పచ్చబడుతున్నాయో ఇద్దరూ గుర్తుపెట్టుకున్నారు. పిల్లని చూస్తూనే ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. నడుము చుట్టూ మాత్రం ఒక్క మచ్చా లేదు, చర్మం నున్నగా ఉంది. ఆ శుభ్రమైన నడుముకే టీచర్ పటకా చుట్టింది. రోజూ అది జారిపోతోందని, ఆరోజు కొంచెం బిగించింది.

కండక్టర్ మెట్ల మీద కూర్చుంది. పక్కన ట్రాక్టర్ ఉంది. నువ్వెందుకు ఆడటం లేదని అడిగితే, "నేను కొట్టానన్నారండీ" అని ట్రాక్టర్ నేల చూస్తూ చెప్పింది. కండక్టర్ ఆ పిల్లని ఎగాదిగా చూసింది. ఏమనుకుందో ఏమో, "ఈ పిల్లని కూడా ఆడించండి. దీన్ని బయట కూర్చోబెడితే నాకెలా తెలుస్తుంది?" అని టీచర్‌కి కేకేసింది. టీచర్‌కి ఆ మాట కొట్టినట్టు తగిలింది. తనకెందుకు తట్టలేదో! ట్రాక్టర్‌కి పటకా ఇచ్చి లోపలికి పంపింది.

అంత నిశ్శబ్దంగా ఆ గ్రౌండులో ఎప్పుడూ ఆట జరగలేదు. పిల్లలకి విషయం తెలిసిపోయింది. ఒకరికొకరు జానెడు దూరంలోంచే తప్పుకుపోతున్నారు. తోకలు లాగేవాళ్ళు కూడా రెండు వేళ్ళతో, వేడి గిన్నె మూత తీసినట్టు లాగుతున్నారు. పిచ్చుక ఒక్కతే ఎప్పటిలాగే ఆడింది. బంతి అందుకుని, ఎడమకి చూసి కుడికి తిరిగి, ముగ్గురి మధ్యలోంచి జారిపోయింది. ట్రాక్టర్ పక్కనుంచి వచ్చి చెయ్యి చాచి తోక లాగింది. గుడ్డ ఊడి చేతిలోకి వచ్చింది. వేలి గోరు కూడా పిల్లకి తగల్లేదు. టీచర్ చూసింది. కండక్టర్ మెట్ల మీంచి లేచి నిలబడి మరీ చూసింది.

విజిల్ వేసి ఆట ఆపారు. మళ్ళీ చిన్నగదిలోకి తీసుకెళ్ళారు. చేతుల మీద కొత్తది లేదు. కాళ్ళ మీద లేదు. కండక్టర్ పటకా ముడి విప్పి తీసింది.

పటకా ఉన్నంత మేరా నడుము చుట్టూ ఎర్రగా కమిలిపోయింది. తాడుతో కట్టి లాగినట్టు, వెన్ను దాటి రెండోవైపు దాకా ఒకే చార. చార పొడుగునా ఆ సన్నని ఎర్రచుక్కలే, లెక్కలేనన్ని.

"ఇదెవరు చేశారు?" అంది కండక్టర్. కోపంగా అనలేదు. నిజంగా తెలీక అడిగింది.

టీచర్ చేతిలో పటకా ఉంది. అత్తగారి కర్టెన్ గుడ్డ, మెత్తటిది. దాన్ని కట్టింది తను. కానీ ఇంత గుడ్డముక్క ఇంత పని చేస్తుందంటే ఎలా నమ్మడం? రోజూ ఇలాంటివే పాతికమందికి కడుతోంది. ఇన్నాళ్ళూ ఎవరు కొడుతున్నారని వెతికింది గానీ, కొట్టకుండా కూడా కములుతుందా అని ఒక్కసారీ అనుకోలేదు.

అప్పుడే పిచ్చుక ముక్కులోంచి రక్తం మొదలైంది. కండక్టర్ కొంగు లేని ఖాకీ బట్టల్లో ఉంది, జేబురుమాలు తీసి అదిమింది. అది తడిసిపోయింది. టీచర్ తన చున్నీ ఇచ్చింది. రక్తం ఆగలేదు. పిల్ల భయంగా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "నేను బాగానే ఉన్నాను పిన్నీ. ఆట మానిపించకండి" అంది.

ఆటో కోసం చూడలేదు. కండక్టర్ పిల్లని చంకనేసుకుని రోడ్డు మధ్యకి వెళ్ళి నిలబడింది. అటే వస్తున్న సిటీ బస్సు ఆగింది. డ్రైవరు ఆమెని చూసి ఏమీ అడగలేదు. ఏ స్టాపులోనూ ఆపకుండా ఆసుపత్రి గేటు దాకా తీసుకెళ్ళి దింపాడు. దిగాల్సిన చోటు దాటిపోయిందని గొణుక్కున్నవాళ్ళు కూడా ఆ చున్నీ చూసి ఊరుకున్నారు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ముందు రక్తం కట్టించే పని చూసింది. ముక్కులో దూది కుక్కి, పరీక్షకి రక్తం తీయించి, తర్వాత పిల్ల ఒళ్ళు చూసింది. చేతులు, భుజాలు, కాళ్ళు, నడుము చుట్టూ చార. చూస్తున్న కొద్దీ ఆవిడ మొహం గట్టిపడింది. మీరెవరని అడిగింది. ఒకరు పిన్ని, ఒకరు టీచరు అని తెలుసుకుని, ఇద్దర్నీ బయట బెంచీ మీద కూర్చోమంది. తలుపు వేసుకుంది.

ఆ తలుపు ఎందుకు మూసుకుందో ఇద్దరికీ అర్థమైంది. లోపల పిల్లని ఏం అడుగుతున్నారో ఇద్దరికీ తెలుసు. వరండాలో వెళ్తున్న నర్సు ఒకతె వాళ్ళవైపు అదోలా చూసిపోయింది. ఇన్నాళ్ళూ ఒకరిని ఒకరు ఎలా చూసుకున్నారో, ఇప్పుడు ఇద్దర్నీ కలిపి అలాగే చూస్తున్నారు.

చాలాసేపటికి కండక్టర్ అడిగింది. "మీరు నిజంగానే అనుకున్నారా, నేను కొడుతున్నానని?"

టీచర్ అబద్ధం చెబుదామనుకుని చెప్పలేకపోయింది. "అనుకున్నాను. బస్సెక్కి చూశాను కూడా."

"తెలుసు. వెనక తలుపు దగ్గర నిలబడ్డారు. టిక్కెట్టు కొట్టింది నేనే కదా. చేతిలో చిల్లర సరిగ్గా పెట్టుకుని, నా మొహం తప్ప అన్నీ చూశారు." కండక్టర్ తడిసిన జేబురుమాలు మడత పెట్టింది. "నేనూ అనుకున్నాను. ఈ డ్రిల్ టీచరు పిల్లల్ని బెత్తంతో బాదుతోంది, పిల్ల భయపడి చెప్పడం లేదు అని. మీకంటే ముందే అనుకుని ఉంటాను."

కాసేపటికి గోడవైపు చూస్తూ తనలో తను అనుకున్నట్టు, కిందటి నెల పిల్లకి జ్వరం వచ్చిందనీ, తగ్గిపోయింది కదా అని వదిలేశాననీ, పళ్ళు తోముకుంటే నెత్తురు వస్తోందంటే బ్రష్షు మార్చాననీ చెప్పింది. టీచర్ ఆ చుక్కల్ని చూసి దోమకాట్లనుకుంది. ఆ మాట చెప్పింది. కండక్టర్ తల ఊపింది.

తలుపు తెరుచుకున్నాక డాక్టరమ్మ మొహం వేరేగా ఉంది. చేతిలో పరీక్ష ఫలితం ఉంది. పిల్లని ఎవరూ కొట్టలేదంది. రక్తం గడ్డకట్టించే కణాలు ఉండవలసినదాంట్లో పదోవంతు కూడా లేవంది. జ్వరాలు తగ్గాక కొందరు పిల్లల్లో ఇలా జరుగుతుందట. ఒంట్లో కాపలా కాయాల్సిన కణాలే సొంత కణాలని పరాయివనుకుని చంపేస్తాయట. అందుకే చెయ్యి పట్టుకున్నా, పటకా బిగించినా, ఊరికే గోడకి ఆనుకున్నా చర్మం కింద నెత్తురు చిమ్ముతుందట. మందులకి లొంగే జబ్బే, ఎక్కువమంది పిల్లలకి కొన్ని నెలల్లో నయమవుతుందని ధైర్యం చెప్పింది. "తలకి గట్టి దెబ్బ తగలకుండా గడిచింది, అదృష్టవంతులు" అని కూడా అంది.

మరి పిల్ల ఎందుకు దాచిందని కండక్టర్ అడిగింది.

"చెబితే మీరు ఆట మానిపిస్తారనీ, టీచరుకి తెలిస్తే ఆవిడా మానిపిస్తారనీ. నాతో చెప్పడానికి కూడా ఒట్టు వేయించుకుంది" అని డాక్టరమ్మ నవ్వింది. బెంచీ మీద ఇద్దరూ నవ్వలేదు. కండక్టర్ రెండు చేతులతో మొహం కప్పుకుంది. బస్సులో పిల్ల చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళిన చేతులు అవి. ఆమె ఏం తలుచుకుంటోందో టీచర్‌కి తెలిసింది. జరిగి ఆమె పక్కకి వచ్చి కూర్చుంది.

పిచ్చుక పదిరోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికి వచ్చింది. మందులకి బుగ్గలు ఉబ్బి గుండ్రంగా తయారైంది. మచ్చలు పచ్చబడి మాయమయ్యాయి. డాక్టరమ్మ సరేననేదాకా పరుగు లేదు, ఆట లేదు. ఆ మాట విని పిల్ల రెండురోజులు ఎవరితోనూ మాట్లాడలేదట.

లారీ మీంచి తండ్రి హడావిడిగా వచ్చాడు. బడికి కూడా వచ్చి అందరికీ దణ్ణం పెట్టి వెళ్ళాడు. హెడ్ మేడమ్ కళ్ళజోడు మళ్ళీ మొహం మీదికి ఎక్కింది. ఆట ఆపమని గానీ, ఆడించమని గానీ చెప్పలేదు. స్టాఫ్ రూమ్‌లో లెక్కల టీచర్ అంతా విని, జబ్బు నిజమే కావచ్చు అని ఒప్పుకుంది. "అయినా ఆవిడ పిల్లని అలా గుంజుతుందని నువ్వే కదా చెప్పావు" అంది. బస్సెక్కి చూసిన మర్నాడు పొద్దున్నే ఆ గదిలో ఆ మాట తనే చెప్పిందని డ్రిల్ టీచర్ గుర్తుతెచ్చుకుని, తిరిగి తీసుకునే దారి తోచక, టీ తాగకుండానే లేచి వచ్చేసింది.

కండక్టర్‌కి క్షమాపణ చెప్పడానికి ఇంటికి వెళ్ళింది. కండక్టర్ కూర్చోమని కుర్చీ వేసింది, మంచినీళ్ళు ఇచ్చింది. పిల్ల మందుల సంగతి, తిండి సంగతి మాట్లాడింది. టీచర్ ఎంత ప్రయత్నించినా ఆ విషయం దగ్గరికి మాటని రానివ్వలేదు. వచ్చేటప్పుడు గుమ్మంలో నిలబడి, "మీరు అడిగి ఉంటే బాగుండేది. నేనూ అడగలేదనుకోండి" అని మాత్రం అంది. ఇద్దరి మధ్యా స్నేహం కుదరలేదు. కానీ పిల్ల ఒంటి మీద ఏ చిన్న మచ్చ కనబడినా ఆమె నేరుగా డ్రిల్ టీచర్‌కే ఫోన్ చేసేది.

ఇంక మిగిలింది ట్రాక్టర్.

కండక్టర్ ఇంటికి వెళ్ళివచ్చిన మర్నాడు ఆటల పీరియడ్‌లో టీచర్ పిల్లలందర్నీ వరసలో నిలబెట్టి ట్రాక్టర్‌ని ముందుకి పిలిచింది. ఆరోజు అసలు పేరుతోనే పిలిచింది. తను తప్పుగా అనుమానించానని, అందరి ముందూ శిక్ష వేశాను కనక అందరి ముందే తప్పు ఒప్పుకుంటున్నానని చెప్పింది. ట్రాక్టర్ చేతులు కట్టుకుని విని, "సరే టీచర్" అంది. పటకా కట్టుకుని ఆటలోకి వెళ్ళింది.

బంతి ఉన్న పిల్లకి ఎదురెళ్ళి శుభ్రంగా తోక లాగింది. లాగిన వెంటనే రెండు చేతులూ తలకి పైగా ఎత్తి, టీచర్ వైపు తిరిగి నిలబడింది. ఇంకెవరినీ ముట్టుకోలేదని చూపించడానికి. ఇంకోసారి లాగింది. మళ్ళీ చేతులు ఎత్తింది.

టీచర్ దగ్గరికి వెళ్ళి, అలా చెయ్యక్కర్లేదని మెల్లగా చెప్పింది.

"సరే టీచర్" అంది ట్రాక్టర్. కాసేపు గుర్తుపెట్టుకుంది కూడా. తర్వాత బంతి ఇటు వచ్చింది, ఆ పిల్ల పరిగెత్తి తోక అందుకుంది, చేతులు రెండూ వాటంతట అవే పైకి లేచాయి.